చుక్కలు వద్దన్న పిన్ని

మా పిన్ని ఏ కొత్త భవనంలోకి వెళ్ళినా ముందు తలెత్తి పైకి చూస్తుంది. అలా చూస్తూ నడిచి, కింద మెట్టు కనపడక రెండుసార్లు బోర్లా పడింది. ఒకసారి ముందరి పన్ను సగం విరిగింది కూడా. అద్దం కనిపిస్తే చాలు, వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టి వింటుంది. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే వాళ్ళ కిటికీలు తట్టి చూసి, "ఇది నాలుగు మిల్లీమీటర్లే. గట్టిగాలి వస్తే ఆగదు" అని చెప్పి, అన్నం పెట్టిన వాళ్ళకి ఆ వానాకాలమంతా నిద్ర లేకుండా చేస్తుంది.

పెద్ద పెద్ద భవనాల మధ్యలో నాలుగైదు అంతస్తుల ఎత్తున ఖాళీగా వదిలే హాళ్ళుంటాయి కదా, వాటికి గాజు గోడలూ గాజు కప్పులూ రూపొందించడం ఆమె పని. ఇరవయ్యేడేళ్ళలో అలాంటివి ఏడు చేసింది. ఆఫీసులో అందరూ ఆమెను అద్దాలావిడ అనేవారు. ఆ ఏడింటిలో నాలుగోది మా అమ్మ పనిచేసిన పెద్దాసుపత్రి. ఇప్పుడు చెప్పబోయేది దాని సంగతే.

అమ్మ పిన్ని కంటే ఆరేళ్ళు పెద్ద. వాళ్ళు పుట్టి పెరిగింది ఒకదాని వెనక ఒకటిగా రెండే గదులున్న ఇంట్లో. రెండు పక్కలా వేరేవాళ్ళ గోడలు. వెనక గదికి కిటికీ లేదు. పైకప్పు పెంకుల మధ్య ఒకే ఒక్క గాజు పెంకు ఉండేదట. పొద్దున్న పదింటికి దానిలోంచి ఒక వెలుగు ముక్క నేల మీద పడి, రెండింటికల్లా గోడెక్కి మాయమయ్యేది. పిన్ని చాప ఈడ్చుకుంటూ ఆ వెలుగు వెంటే జరిగి చదువుకునేది. అమ్మకు చీకటైనా వెలుతురైనా ఒకటే, మాట్లాడటానికి మనిషుంటే చాలు. మా తాతయ్య నవ్వుతూ, దేవుడు పెద్దదానికి నోరిచ్చాడు, చిన్నదానికి కళ్ళిచ్చాడు, ఒకళ్ళది ఒకళ్ళు అరువు తీసుకోండే అనేవాడట.

అమ్మ స్కూలు చదువు అవగానే పెద్దాసుపత్రిలో రికార్డుల గుమాస్తాగా చేరింది. పిన్ని భవనాల డిజైను చదివింది. ఆ కాలేజీ దరఖాస్తు నింపింది అమ్మే. పిన్ని దస్తూరి కోడి కెలికినట్టు ఉంటుందని, పేరుతో సహా అన్నీ తనే గుండ్రంగా రాసి, పోస్టాఫీసుకు నడిచివెళ్ళి వేసి వచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పిన్నికి దుకాణాల ముందు బిగించే అద్దాల పని ఇచ్చారు. అక్కడ ఆమెకు పని నేర్పినవాడు చెమట మాస్టారు. అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు. ఏ భవనానికి ఎంత ఎండ తగులుతుంది, లోపల ఎంత వేడెక్కుతుంది అని లెక్కకట్టే ఇంజనీరాయన. ఎవరు ఏ బొమ్మ గీసి చూపించినా, "బాగుందమ్మా, ఇందులో మనిషికి చెమటెంత?" అని అడిగేవాడు. అందుకే ఆ పేరు. రెండు గాజు పలకల మధ్య పల్చటి పారదర్శకమైన పొర పెట్టి అతికిస్తే, పలక పగిలినా ముక్కలు జనం నెత్తిన రాలవని పిన్నికి చూపించింది ఆయనే. కప్పు ఎంత అందంగా ఉన్నా వాన నీళ్ళు నిలిస్తే చెడుతుందనీ, తుడిచేవాడు పైకెక్కే దారి ముందే గీసి ఉంచాలనీ చెప్పిందీ ఆయనే. పిన్ని ఆయన వెనకాల నీడలా తిరిగి అన్నీ నేర్చుకుంది. నేర్చుకున్నాక ఆయన్ను మించిపోయింది.

పెద్దాసుపత్రికి కొత్త భవనం కట్టాలనుకున్నప్పుడు నడిమి హాలు పని పిన్నికి వచ్చింది. అప్పటికామెకు నలభై ఒకటి. నాలుగంతస్తుల ఎత్తు, పైన మూడు వందల పన్నెండు గాజు పలకలు, వాటిని మోసే సన్నటి ఉక్కు వాసాలు. రోగంతో వచ్చినవాడు లోపలికి అడుగుపెట్టగానే నెత్తిమీద ఆకాశం కనిపించాలి, గుండె తేలికపడాలి. అదీ ఆమె కోరిక. తప్పు కోరికని నేను ఇప్పటికీ అనను.

దక్షిణం వైపు వాలిన పలకలకు మాత్రం చుక్కల అద్దం వేద్దామన్నాడు చెమట మాస్టారు. మిరియం గింజంత తెల్లటి చుక్కలు గాజు మీద అచ్చువేసి కొలిమిలో కాలుస్తారు. కింద నిలబడి చూస్తే చుక్కలుగా కనిపించవు. ఆకాశం కాస్త పాలు కలిపినట్టుంటుంది, అంతే. ఎండ మాత్రం సగానికి సగం ఆగిపోతుంది. ఆయన ఆ మాట చెప్పడానికి పదకొండు పేజీల లెక్క వేసుకుని సమావేశానికి వచ్చాడు. బల్లకు ఒక పక్క ఆఫీసు వాళ్ళు, ఇంకో పక్క ఆసుపత్రి పెద్దలు. ఆయన రెండో పేజీలో ఉండగానే పిన్ని అంది:

"మాస్టారూ, ఆకాశానికి మశూచి పోయించమంటారా?"

గదంతా నవ్వింది. ఆసుపత్రి డైరెక్టరైతే కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడట. మాస్టారు కూడా నవ్వాడు. నవ్వి, మిగతా తొమ్మిది పేజీలు చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత పిన్ని తన లెక్క చెప్పింది. గాజుకు వేడిని తగ్గించే పూత వేస్తున్నాం, చల్లగాలి యంత్రాలు పెద్దవి పెడుతున్నాం, నడి వేసవిలో కూడా హాల్లో సగటున ఇరవయ్యారు డిగ్రీలకు మించదు అంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చుక్కలు లేని అద్దానికే అందరూ తలూపారు.

హాలు మధ్యలో, కప్పు అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోటికి సరిగ్గా కింద, గుండ్రటి తెల్లరాతి బల్ల ఒకటి గీసింది పిన్ని. అది విచారణ కౌంటరు. లోపలికొచ్చిన ప్రతివాడి కంటికీ ముందు అదే కనిపించాలని అక్కడ పెట్టింది.

భవనం తెరిచిన నెలలోనే, ఆ కౌంటరులో కూర్చుంటానని అమ్మ దరఖాస్తు పెట్టుకుంది. అంతకుముందు ముప్పయ్యేళ్ళు నేలమాళిగలో పాత ఫైళ్ళ మధ్య ఉంది మరి. అక్కడ మాట్లాడటానికి దుమ్మూ బొద్దింకలూ తప్ప మనిషి లేడు. ఇక్కడ రోజుకు మూడు వందల మంది. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఎక్స్‌రే ఎటని అడిగినవాడికి, "ఎడమ పక్కకి తిరిగి మూడో తలుపు. ఒక్కసారి పైకి చూడండి, మా చెల్లి కట్టింది" అని చెప్పి పంపేది. విరిగిన చెయ్యి పట్టుకుని వచ్చినవాడు కూడా, పాపం, తలెత్తి చూసి బాగుందని చెప్పి వెళ్ళేవాడు. ఏడుస్తూ వచ్చినవాళ్ళను కౌంటరు పక్కన కూర్చోబెట్టి, పేరూ ఊరూ అడిగి, ఏ డాక్టరుకు కోపమెక్కువో ఏ డాక్టరు నెమ్మదస్తుడో చెవిలో చెప్పి పంపేది. ఆవిడ సెలవు పెట్టిన రోజున జనం వెనక్కెళ్ళి మర్నాడు వచ్చేవారని ఆసుపత్రిలో ఒక జోకు ఉండేది.

మొదటి వేసవి వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఎండ నేరుగా అమ్మ కుర్చీ మీద పడేది. చుట్టూ హాలంతా చల్లగానే ఉండేది. వచ్చేపోయేవాళ్ళు రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోతారు, వాళ్ళకు హాయిగానే ఉండేది. కూర్చున్న మనిషికే బాధ. అమ్మ రెండు రోజులు చూసి, మూడో రోజు ఇంట్లోంచి ఊదారంగు పూల గొడుగు పట్టుకెళ్ళింది. దానికి ఒక ఊచ వంగి ఉండేది. కంప్యూటరు స్టాండుకు దాన్ని గాయాలకు కట్టే గుడ్డతో కట్టి, దాని నీడలో కూర్చుని పని చేసుకునేది.

ఆ వేసవిలోనే ఆ కప్పుకు ఏదో బహుమతి వచ్చింది. ఒక పత్రికవాళ్ళు ఫోటోలు తీయడానికి వచ్చారు. నాకు స్కూలు సెలవులు కావడంతో ఆ రోజు అమ్మకు టిఫిను డబ్బా ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. ఫోటోలవాడు నాలుగో అంతస్తు నుంచి ఏదో సైగ చేశాడు. పిన్ని గబగబా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈ గొడుగు కాస్త తీసెయ్యవూ? ఫోటోలో ఇదొక్కటే కనిపిస్తోంది."

"ఎండ కొడుతోందే," అంది అమ్మ.

"పది నిమిషాలే. అయినా ఇక్కడ ఇరవయ్యారు దాటదక్కా, లెక్క ఉంది."

అమ్మ ఒక్క క్షణం పిన్ని ముఖంలోకి చూసింది. "లెక్కుంటే సరేలే," అని ముడి విప్పి, గొడుగు ముడిచి కుర్చీ కింద పెట్టింది.

ఫోటోలవాళ్ళు వెళ్ళేసరికి సాయంత్రమైంది. మర్నాడు అమ్మ గొడుగు తీసుకెళ్ళలేదు. ఆ ఫోటో పత్రికలో రెండు పేజీల నిండా వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు తమ పుస్తకాల మీదా గోడల మీదా దాన్నే వేసుకున్నారు. కౌంటరు ఎప్పుడూ ఆ ఫోటోలో ఉన్నట్టే ఉండాలని, దానిమీద ఏ వస్తువూ పెట్టకూడదని మేనేజరు ఒక కాగితం కూడా పంపాడు. పిన్ని అడిగిన పది నిమిషాలు అలా నాలుగేళ్ళయ్యాయి.

అమ్మ మెడ మీద తడి తువ్వాలు వేసుకునేది. టోపీ పెట్టుకునేది. ఇంటికొచ్చాక కర్టెన్లు వేసి, కళ్ళ మీద చెయ్యి పెట్టుకుని గంటసేపు పడుకునేది. తలనొప్పి మాత్రలు పప్పుబెల్లాల్లా మింగేది. పిన్ని వారానికోసారి ఇంటికొచ్చే రోజు మాత్రం అమ్మ ముఖం కడుక్కుని, దువ్వుకుని, ఆ వారం కప్పును మెచ్చుకున్నవాళ్ళ కబుర్లు వరసపెట్టి చెప్పేది. నేనొకసారి ఉండబట్టలేక, పిన్నితో చెబుతానన్నాను. అమ్మ ఎప్పుడూ లేనంత మెల్లగా అంది: "దాని దగ్గర ఎండ మాట ఎత్తావంటే నీకూ నాకూ మాటల్లేవు."

నేను ఎత్తలేదు. పిన్ని తప్పు గురించి ఇంత చెబుతున్నాను గానీ, నాలుగేళ్ళు నోరు కుట్టుకున్నదాన్ని నేను. నా వంతు నాకూ ఉంది.

అయిదో వేసవిలో, ఒక మంగళవారం మధ్యాహ్నం రెండుంపావుకు, ఎవరికో దారి చూపించడానికి చెయ్యెత్తిన అమ్మ ఎత్తు కుర్చీ మీంచి పక్కకు ఒరిగి రాతి నేల మీద పడింది. తుంటి ఎముక విరిగింది. నేను కాలేజీ నుంచి వెళ్ళేసరికి పైన మూడో అంతస్తు వార్డులో ఉంది. నన్ను చూడగానే, "పడితే ఇక్కడే పడాలే, వేరే బండి ఎక్కే పనిలేదు" అని నవ్వబోయింది. నవ్వితే కాలు లాగి ముఖం ముడుచుకుంది.

పిన్ని సైటు నుంచి ఆ దుమ్ము బట్టలతోనే వచ్చింది. అమ్మ మందు మత్తులో ఉంది. ఎలా పడిందో కనుక్కుందామని మేమిద్దరం కిందికి దిగాం. కౌంటరు దగ్గర హాలు తుడిచే ఆవిడ ఉంది. అమ్మకు బాగా తెలిసిన మనిషే గానీ, పిన్నిని ఎరగదు.

"ఎలా పడిందంటే ఏం చెప్తామమ్మా, ఎండ," అందామె చీపురు బల్లకు ఆనించి. "పన్నెండింటికి ఈ కుర్చీ మీదికొస్తుంది, మూడయ్యేదాకా వదలదు. ఇదివరకు గొడుగు పెట్టుకునేది పాపం. ఎవరో ఫోటోలకు అడ్డమని తీయించేశారంట."

పిన్ని కుర్చీ వంకా, పైకీ, మళ్ళీ కుర్చీ వంకా చూసింది.

"నేనే," అంది.

ఆవిడకు అర్థం కాలేదు. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. పిన్ని ఆ బల్ల అంచు పట్టుకుని నేను పదమనేదాకా నిలబడింది.

తర్వాతి వారం ఒక రోజంతా ఆ కౌంటరులో కూర్చోవడానికి అనుమతి అడిగి తెచ్చుకుంది. అమ్మ స్థానంలో వచ్చిన గుమాస్తాను పక్క కుర్చీలోకి జరగమని, అమ్మ కుర్చీలో తను కూర్చుంది. బల్ల మీద ఒక థర్మామీటరు, నీడలో ఉన్న స్తంభానికి ఇంకొకటి. పొద్దున్న ఎనిమిది నుంచి నోటుపుస్తకంలో గంటగంటకూ రాసుకుంది. పదకొండూ నలభైకి ఎండ బల్ల అంచుకు వచ్చింది. పన్నెండూ పదికి ఆమె చేతుల మీదికొచ్చింది. ఆ తర్వాత కంప్యూటరులో అక్షరాలు కనిపించలేదు. ఎదురుగా నిలబడి దారి అడుగుతున్నవాళ్ళ ముఖాలు కూడా ఆ వెలుగులో నల్లటి మచ్చల్లా కనిపించాయట. కుర్చీ జరుపుకుందామంటే ఫోను తీగ అందదు. ఒంటిగంటకు నేను మంచినీళ్ళు తీసుకెళితే, చెమట చుక్కలు నోటుపుస్తకం మీద పడి సిరా అలుక్కుపోయి ఉంది. స్తంభం మీద థర్మామీటరు ఇరవయ్యారే చూపిస్తోంది. బల్ల మీదిది నలభై ఒకటి.

మూడూ అయిదుకు ఎండ ఆమెను వదిలి నేల మీదికి జరిగింది. అప్పుడు పెన్ను మూసి నాతో అంది: "ఏడు హాళ్ళు కట్టానే. ఒక్కదాన్లోనూ ఒక రోజంతా కూర్చోలేదు."

ఇంటికెళ్ళి పాత డ్రాయింగులన్నీ నేల మీద పరిచింది. నన్నూ చూడమంది. కప్పు ఎంత ఎత్తో తెలియడానికి ఆ బొమ్మల్లో కింద చిన్న చిన్న మనుషులను అతికిస్తారు. సూటుకేసు లాక్కెళ్ళేవాడు, పిల్లను చెయ్యిపట్టి నడిపించే తల్లి, నవ్వుతూ పోయే జంట. అందరూ నడుస్తున్నారు. ఏడు హాళ్ళ బొమ్మల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేచోట కూర్చునే మనిషి ఒక్కడూ లేడు. పెద్దాసుపత్రి బొమ్మలో కౌంటరు ఉంది, దాని వెనక కుర్చీ కూడా గీయలేదు.

ఆ ఆదివారం చెమట మాస్టారింటికి వెళ్ళింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ఆయన రిటైరై మూడేళ్ళయింది. వరండాలో పాత టేబులు ఫ్యాను విప్పి, మరలు పళ్ళెంలో వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. పిన్ని జరిగిందంతా నిలబడే చెప్పింది. ఆయన చేతిలో ఉన్న మర పళ్ళెంలో పెట్టేసి విన్నాడు.

"మీ పదకొండు పేజీల్లో ఆ కుర్చీ ఉందా మాస్టారూ?" అని అడిగింది చివర్న.

"ఏడో పేజీలో ఉందమ్మా," అన్నాడాయన. "కూర్చునే మనిషికి రోజుకు మూడు గంటలు నేరుగా ఎండ అని రాశాను."

పిన్ని తల వంచుకుంది. ఆయనే మళ్ళీ అన్నాడు: "నిన్నొక్కదాన్నే ఎందుకంటాను? అందరూ నవ్వేసరికి నాకు ముఖం చెల్లలేదు. ఏడో పేజీ దాకా చదవాల్సింది. ఇంత వయసొచ్చీ ఒక నవ్వుకు ముడుచుకుపోయాను చూడు."

క్షమించమని అడగాలనే పిన్ని వెళ్ళింది. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు, తప్పులో వాటా అడిగి తీసుకున్నాడు. దారి పొడుగునా పిన్ని దాని గురించే బాధపడింది. తిట్టి ఉంటే బాగుండేదే అంది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆమె ఆసుపత్రి చుట్టూ తిరిగింది. పలకలు మార్చాలంటే హాలు ఆరు నెలలు మూసెయ్యాలి, కుదరదన్నారు. కౌంటరు జరపాలంటే తీగలన్నీ రాతి కిందున్నాయి, నేలంతా తవ్వాలన్నారు. పోనీ కప్పు కింద తెల్లటి గుడ్డ కట్టించండి, నేనే గీసిస్తాను అంది. బహుమతి వచ్చిన కప్పుకు గుడ్డ కడతారా అని డైరెక్టరే ఎదురు అడిగాడు. ఆ కప్పు గీసినావిడే వచ్చి దాన్ని కప్పెయ్యమని బతిమాలుతుంటే, ఆయనకు మతిపోయినంత పనైంది. చివరికి ఒక కొత్త డైరెక్టరు వచ్చాక ఒప్పుకున్నారు.

ఆ గుడ్డ కట్టేనాటికి అమ్మ ఉద్యోగంలో లేదు. కాలు అతుక్కుంది గానీ గంటకు మించి కూర్చోలేకపోయేది. ఆరోగ్య కారణాల మీద ఇంటికి పంపేశారు. రోజుకు మూడు వందల మందితో మాట్లాడిన మనిషికి మిగిలింది నేనూ, వారానికోసారి పిన్నీ. మొదట్లో బాల్కనీలో నిలబడి, పార్సిలు తెచ్చినవాళ్ళకు ఏ ఇల్లెటో చెప్పేది. వాళ్ళు ఫోనులో చూసుకుని వెళ్ళిపోయేవారు. క్రమంగా అదీ మానేసింది. మా అమ్మ నోట మాట లేకుండా పూట గడుస్తుందని ఎవరైనా చెబితే, ఒకప్పుడు నేను నమ్మేదాన్ని కాదు.

ఒకరోజు అమ్మ వాకరు పట్టుకుని మా ఇంటి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తోంది. పక్కనే పిన్ని అడుగులో అడుగు వేస్తోంది. ఉన్నట్టుండి ఆగి అడిగింది.

"అక్కా, నాలుగేళ్ళు. ఒక్కసారి చెప్పకపోయావా?"

అమ్మ నడక ఆపలేదు. "చెబితే నువ్వు మళ్ళీ ఆ కప్పు వంక తలెత్తి చూసేదానివా?"

"కప్పు పోతే పోయింది. నిన్ను పడగొట్టాను కదే."

"ఎండలో అందరూ పడతారు. నువ్వు అక్కడికొచ్చి పైకి చూసినప్పుడు నీ ముఖం ఎలా ఉండేదో నీకేం తెలుసు. నేను చూశాను." గోడ దాకా వెళ్ళి వాకరు తిప్పుకుంది. "దాన్ని పాడుచెయ్యడం నాకిష్టం లేకపోయింది."

"ఒక్కసారి తిట్టవే నన్ను," అంది పిన్ని.

"నాకు రాదు పో," అంది అమ్మ. మా వీధి మొత్తంలో అమ్మంత బాగా తిట్టగలిగిన మనిషి లేదు. పిన్ని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి విప్పి ఉంచింది.

గుడ్డ కట్టిన మర్నాడే, పిన్ని నన్ను తోడు పెట్టుకుని అమ్మను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళింది. చూస్తే అక్కకు కాస్త ఊరటగా ఉంటుందని ఆమె ఆశ. గుడ్డ పొందిగ్గా, తెరచాపలా లాగి కట్టారు. కౌంటరు మీద మెత్తటి నీడ. కొత్త గుమాస్తా అమ్మాయి టోపీ లేకుండా, తువ్వాలు లేకుండా హాయిగా పని చేసుకుంటోంది. అంతా పిన్ని గీసినట్టే ఉంది. అమ్మ తలెత్తి ఆ గుడ్డను అటునుంచి ఇటు చూసింది. అక్కడ కూర్చుని ఎన్ని వేలమందికి చూపించిందో ఆ ఆకాశం. చివరికి అంది:

"అయ్యో, మూసేశావేమే."

పిన్ని ముఖం పాలిపోయింది. మంచిపని చేశావని అమ్మ వెంటనే సర్దబోయింది, ఆ అమ్మాయికి సుఖంగా ఉంది కదా అంది. కానీ ముందు నోటికొచ్చిన మాట వచ్చేసింది. తిరిగి వస్తుంటే నేను కుర్చీ తోస్తూ ఇద్దరి వంకా చూడలేక రోడ్డు వంక చూశాను.

ఆ తర్వాత పిన్ని ఉద్యోగం ఆరేళ్ళే చేసింది. కొత్తగా ఎవరు హాలు గీయమని వచ్చినా, ఇక్కడ రోజంతా కూర్చునేదెవరో ముందు చెప్పండి అని అడిగేది. కాపలావాడు ఎక్కడ, టిక్కెట్లు చింపేవాడు ఎక్కడ, తుడిచేవాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటారు అని కూపీ లాగేది. మాకు మెరిసే కప్పు కావాలి గానీ జనాభా లెక్కలు కాదని ఇద్దరు ముగ్గురు వేరే ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఎనిమిదో హాలు ఆమె చేతికి రాలేదు.

రిటైరయ్యాక, కట్టిన మిగతా ఆరు హాళ్ళకూ ఒక్కొక్కదానికీ వెళ్ళి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని వచ్చింది. రెండింటిలో ఇబ్బందేమీ లేదు. ఒకచోట చెప్పగానే బల్ల జరిపారు. మూడింటిలో జవాబు లేదు. వాటిలో ఒకటి గ్రంథాలయం. అక్కడ తలుపు దగ్గర కూర్చునే కాపలాదారు మీద పొద్దుటి ఎండ మూడు గంటలు పడుతుంది. కుర్చీ జరపమని అడగండి, నేనూ రాసిస్తాను అని పిన్ని అతనితో చెప్పింది. "అలవాటైపోయిందమ్మా" అన్నాడట అతను. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పి, అప్పటికప్పుడే కాగితం తీసుకుని రాయడానికి కూర్చుంది.

ఆ మూడు చోట్లకూ ఆమె ఇప్పటికీ ఉత్తరాలు రాస్తుంటుంది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. చిత్తు తను రాస్తుంది, అధికారులకు ఎలా రాయాలో తెలిసినది అమ్మ కనుక అమ్మ దిద్దుతుంది. అమ్మకు మళ్ళీ ఒక పని దొరికినట్టయింది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఇక్కడ మర్యాద తక్కువైంది, ఇక్కడ మరీ ఎక్కువైంది అని సణుగుతూ గీతలు కొడుతుంది. ప్రతి ఉత్తరంలోనూ రెండో పేరా చివర పిన్ని ఒక వాక్యం రాస్తుంది: "ఈ పొరపాటు నాది, నా అక్క దీనివల్ల నష్టపోయింది." అమ్మ ప్రతిసారీ దాన్ని అడ్డంగా కొట్టేస్తుంది. పిన్ని కాగితం తీసుకెళ్ళి పక్క గదిలో కూర్చుని శుభ్రంగా తిరగరాస్తుంది. కవరు అంటించి పోస్టులో వెయ్యమని నా చేతికిస్తుంది.

ఒకసారి కవరు సరిగ్గా అంటుకోక దారిలో తెరుచుకుంటే చూశాను. కొట్టేసిన వాక్యాన్ని పిన్ని మళ్ళీ రాసింది, ఈసారి మొదటి పేరాలోనే.